మెషీన్ నడవాలి, చోటు కదలకూడదు



ఈసారి సియాసత్ గురించి కాదు, షాదీల ఫజూల్ ఖర్చు గురించీ కాదు. మన ఇళ్ళలో గుసుల్‌ఖానా పక్కనో, బాల్కనీలోనో, వెనక వరండాలోనో నిలబడి రోజూ గజగజ వణికే బట్టల మెషీన్ గురించి రాస్తున్నాను. నవ్వుకోకండి. పోయినేడాది ఆ వణుకు వల్లే మా అమ్మీ కుడిచేతి మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టుతో, రోటీ తుంచుకోడానికి కూడా మా మీద ఆధారపడి కూర్చుంది. డెబ్బై ఏళ్ళ వయసులో ఎవరి చేతా ఒక గ్లాసు నీళ్ళు తెప్పించుకోని మనిషి ఆవిడ.

మాది గుంటూరు. మూడంతస్తుల ఇంట్లో పై వాటా మాది. మెషీన్ వెనక బాల్కనీలో ఉంటుంది, టాప్ లోడ్. కొన్నరోజు ఫిట్టింగ్‌కి వచ్చిన కుర్రాడు పది నిమిషాల్లో కొళాయికి పైపు తగిలించి, ప్లగ్గు పెట్టి, ఖాళీ మెషీన్ ఒకసారి తిప్పి చూపించి, కాగితం మీద నా సంతకం తీసుకుని వెళ్ళిపోయాడు. నేనూ సంతోషంగానే పంపించాను. ముప్ఫై వేల సామాను ఇంటికొచ్చిందన్న ఖుషీలో అది ఎలా నిలబడిందో ఎవరు చూస్తారు?

స్పిన్ మొదలయ్యేసరికి అది ఊగేది. అమ్మీ రెండు చేతులూ దాని మీద ఆనించి, ఒంటి బరువంతా వేసి పట్టుకుని నిలబడేది. ఆఫీసుకి తయారవుతూ నేను లోపల్నుంచి, "క్యా ఆవాజ్ హై అమ్మీ?" అని కేకేస్తే, "కుచ్ నై బేటా, మెషీన్ చల్‌రీ" అనేది. మన ఉర్దూలో ఆ మాటకి రెండర్థాలు. మెషీన్ పనిచేస్తోందని ఒకటి, మెషీన్ నడిచి పోతోందని ఇంకొకటి. అమ్మీ చెప్పింది రెండోది. ఎనిమిది నెలలు నేను విన్నది మొదటిది.

ఒక ఆదివారం రజాయి వేశారు. నీళ్ళు పీల్చుకుని అది ఒక పక్కకి ముద్దగా చేరింది. స్పిన్‌లో మెషీన్ అమ్మీ చేతులకి లొంగలేదు. జానెడు ముందుకి జరిగింది, వెనక డ్రెయిన్ పైపు ఊడింది, సబ్బునీళ్ళు టైల్స్ మీదికి వచ్చాయి. అమ్మీ జారి చెయ్యి ఆనించి పడింది. తర్వాత సంగతి పైన చెప్పాను.

మర్నాడు ఖాలూ చూడ్డానికి వచ్చారు. నలభై ఏళ్ళు తాపీ మేస్త్రీగా చేసిన మనిషి. అమ్మీకి సలాం చెప్పి, చాయ్ కూడా తాగకుండా నేరుగా బాల్కనీలోకి వెళ్ళారు. మెషీన్ ఒక మూల మీద అరచెయ్యి పెట్టి నొక్కారు. 'టక్' మంది. వదిలారు. మళ్ళీ 'టక్'. నావైపు తిరిగి, "తీన్ టాంగోం పే ఖడా కరే రే ఇసకో. చౌథీ హవా మే హై" అన్నారు. నాలుగు కాళ్ళున్నదాన్ని మూడు కాళ్ళ మీద నిలబెట్టాం మేము. ఒక పానా, ఒక రసమట్టం, పావుగంట టైము. అంతే. ఆ రోజు నుంచి ఇవాళ్టి వరకూ అది చోటు కదల్లేదు. పైసా ఖర్చు కాలేదు. పానా కూడా మెషీన్‌తో పాటే వచ్చి, డబ్బాలోనే కవరు విప్పకుండా ఉంది.

ఇది ఎవరి తక్లీఫ్?

ఇక్కడే నా అసలు మాట. నా బండి సైడ్ స్టాండు కాస్త వంగితే ఆ రోజే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఫ్యాను కొంచెం చప్పుడు చేస్తే రెండు రోజుల్లో బాగు చేయించాను, ఎందుకంటే దాని కింద పడుకునేది నేను. మెషీన్ ఎనిమిది నెలలు ఊగితే ఫికర్ లేకపోయింది, ఎందుకంటే దాని ముందు నిలబడేది నేను కాదు. మన ఇళ్ళలో చాలామంది మగాళ్ళం ఇంతే. మెషీన్ కొనేది మనం, ఏ కంపెనీయో బజార్లో చెప్పుకునేది మనం, జహేజ్ కింద ఇచ్చి నలుగురికీ చూపించేదీ మనం. కొన్న తర్వాత అది 'ఔరతోం కా సామాన్'. ఆడవాళ్ళు కూడా సబర్ చేయడం అలవాటై, ఊగుతోందని నోరు తెరిచి చెప్పరు. పట్టుకుంటారు. కొందరు పిల్లల్ని ఎక్కించి కూర్చోబెడతారు. అల్లాహ్ కాపాడాలి, అంతకంటే ఖతర్నాక్ పని ఇంకొకటి లేదు.

పట్టుకుంటే ఎందుకు ఆగదో ఒక లెక్క చెప్తాను. టాప్ లోడ్ మెషీన్ డ్రమ్ము స్పిన్‌లో నిమిషానికి దాదాపు 700 చుట్లు తిరుగుతుంది. ఫ్రంట్ లోడ్ అయితే 1000 నుంచి 1400. అర కిలో తడిబట్ట ఒకే పక్కకి ముద్దగా ఉండిపోయిందనుకోండి. 700 చుట్ల దగ్గర అది డ్రమ్మును బయటికి గుంజే బలం సుమారు 65, 70 కిలోల బరువుతో సమానం. 1200 చుట్ల దగ్గర అదే అర కిలో గుంజు సుమారు 190 కిలోలు. అదీ ఒక దిక్కున కాదు, క్షణానికి ఇరవైసార్లు దిక్కు మార్చుకుంటూ. డెబ్బై ఏళ్ళ అమ్మీ చేతులు దాన్ని ఏం ఆపుతాయి? అందుకే మెషీన్లు పూర్తి స్పీడు అందుకునే ముందు బట్టల్ని సర్దుకోవాలని చూస్తాయి. కుదరకపోతే ఆగిపోతాయి. కొన్ని కంపెనీల వాటిలో అప్పుడు తెర మీద 'యూఈ' అని పడుతుంది. అది ఖరాబీ కాదు. 'నన్ను సరిగ్గా నిలబెట్టండి, బట్టలు సరిచేయండి' అని అది చేసుకునే గుజారిష్.

మొదట చూడాల్సినవి

ఖాలూ దగ్గర నేర్చుకున్నదీ, ఆ తర్వాత బంధువుల ఇళ్ళలో నేను నాలుగైదు మెషీన్లు సరిచేసి తెలుసుకున్నదీ వరసగా చెప్తాను. ఏది ముట్టుకున్నా ముందు స్విచ్ ఆపి, ప్లగ్గు తీసేయండి. నీళ్ళున్న మెషీన్‌ని వంచొద్దు. ఒంటరిగా ఎత్తొద్దు. ఫ్రంట్ లోడ్ మెషీన్ 60, 70 కిలోలుంటుంది. ఊగకుండా ఉండాలని కంపెనీవాళ్ళే లోపల కాంక్రీటు దిమ్మెలు బిగిస్తారు. నడుం పట్టేస్తే మెషీన్ కంటే మీ వైద్యం ఖర్చే ఎక్కువ.

కొత్త ఫ్రంట్ లోడ్ అయితే వెనక వైపు చూడండి. లారీలో వచ్చేటప్పుడు డ్రమ్ము కొట్టుకోకుండా మూడో నాలుగో పొడుగాటి బోల్టులు బిగించి పంపుతారు. వాడకం మొదలుపెట్టే ముందు అవి తీసేయాలి. మా ఆపా వాళ్ళింట్లో ఫిట్టింగ్ అతను వాటిని మర్చిపోయాడు. మొదటి స్పిన్‌కే వంటింట్లో గిన్నెలు రాలిపడ్డాయి. జల్‌జలా వచ్చిందనుకుని పిల్లల్ని తీసుకుని వాకిట్లోకి పరిగెత్తారు. బోల్టులు తీశాక వాటిని పారేయకండి. ఇల్లు మారేటప్పుడు మళ్ళీ బిగించి తీసుకెళ్ళాలి. ఒక కవర్లో వేసి, బిల్లుతో పాటు దాచండి.

తర్వాత మూలల పరీక్ష. ఖాళీ మెషీన్‌కి ఎదురెదురు మూలలు, అంటే ముందు కుడి మూల, వెనక ఎడమ మూల మీద ఒకదాని తర్వాత ఒకటి నొక్కండి. తర్వాత రెండో జత. 'టక్' మందంటే ఒక కాలు నేలకి ఆనలేదని అర్థం. ఈ పరీక్షకి ఏ సామానూ అక్కర్లేదు. ఇవాళే చేసి చూడండి.

రసమట్టం, పానా

మన ఇళ్ళలో ఎక్కడ మెషీన్ పెడతామో అక్కడ నేల సమంగా ఉండదు. అది మేస్త్రీ తప్పు కాదు. బాత్రూమ్‌లో, బాల్కనీలో నీళ్ళు తూము వైపు పోవాలని వాటం ఇచ్చి మరీ టైల్స్ వేస్తారు. నీళ్ళకి మంచిదైంది మెషీన్‌కి చెడ్డది. కాబట్టి కాళ్ళతోనే సరిచేసుకోవాలి.

రసమట్టం హార్డ్‌వేర్ షాపులో చిన్నది చాలు. మెషీన్ పైన ముందు అడ్డంగా పెట్టి చూడండి, తర్వాత నిలువుగా, ముందు నుంచి వెనక్కి. బుడగ గీతల మధ్యకి రావాలి. రసమట్టం లేకపోతే ఫోన్‌లో ఆ పని చేసే యాప్ ఉంటుంది. అదీ లేకపోతే అంచున్న స్టీలు పళ్ళెంలో అరంగుళం నీళ్ళు పోసి పైన పెట్టండి. నీళ్ళు ఏ అంచు వైపు చేరితే అటు పల్లం.

కాళ్ళు మర కాళ్ళు. ఏ వైపు తిప్పితే పొడవవుతాయో ఒక చుట్టు తిప్పి చూస్తే తెలిసిపోతుంది. ఒకరు మెషీన్‌ని కాస్త వెనక్కి ఆనించి పట్టుకుంటే, ఇంకొకరు కింద తిప్పాలి. కాళ్ళన్నీ వీలైనంత పొట్టిగా లోపలికి పంపించి, పల్లంలో ఉన్నదాన్నే అవసరమైనంత పెంచండి. అన్నీ పొడుగ్గా లాగితే ఊపు ఇంకా ఎక్కువవుతుంది. కొన్ని టాప్ లోడ్ మెషీన్లకి ముందు కాళ్ళు మాత్రమే తిరుగుతాయి, వెనకవి కదలవు. అలాంటిదాన్ని వెనకవైపు పల్లం ఉన్నచోట పెడితే ఎంత తిప్పినా లాభం లేదు. చోటు మార్చాలి, లేదా కింద నేలనే సమం చేయాలి.

నూటికి తొంభైమంది మర్చిపోయే పని ఒకటుంది. కాలు మీద ఒక చెక్ నట్టు ఉంటుంది. మట్టం కుదిరాక ఆ నట్టుని పైకి, మెషీన్ ఒంటికి ఆనేవరకూ పానాతో బిగించాలి. బిగించకపోతే రోజూ వచ్చే అదురుకి కాలు తనంతట తానే తిరిగి, నెల తిరక్కుండా మళ్ళీ మొదటికి వస్తుంది. అప్పుడు 'ఎన్నిసార్లు సరిచేసినా ఇంతే' అని నసీబ్ మీద నెట్టేస్తాం. నసీబ్ కాదు, నట్టు.

కింద ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

అట్టముక్క పెట్టొద్దు. తడిసి పేస్టు అవుతుంది. చెక్కముక్క ఉబ్బుతుంది, కుళ్ళుతుంది. టైల్ ముక్క జారుతుంది, పగులుతుంది. ఇటుకల మీద నిలబెట్టడం అన్నిటికంటే ప్రమాదం. ఒక్క ఇటుక పక్కకి జరిగినా మెషీన్ మొత్తం ఒరుగుతుంది.

బజార్లో చక్రాల స్టాండ్లు అమ్ముతారు. ఊడవడానికి వీలని మన ఆడవాళ్ళకి ఇష్టం. కానీ ఊగే వస్తువుని చక్రాల మీద పెట్టడం ఏం అఖల్‌మందీ చెప్పండి? బ్రేకులున్నా ఆ చక్రాల దగ్గర కాస్త లూజు ఉంటూనే ఉంటుంది. ఫ్రంట్ లోడ్‌కి అసలు వద్దు. నీళ్ళు నిలిచే చోట ఎత్తు తప్పదనుకుంటే చక్రాల్లేని, మర కాళ్ళున్న గట్టి ఇనప స్టాండు తీసుకోండి. దాని కాళ్ళకీ ఇదే మట్టం, ఇవే నట్టులు. ఎలుకల భయం ఉంటే స్టాండు దానికి జవాబు కాదు. కింద తెరిచి ఉండే టాప్ లోడ్ మెషీన్లకి అడుగున బిగించే జాలీ దొరుకుతుంది, అది వేయించండి.

రబ్బరు ప్యాడ్లు మంచివే. నున్నటి టైల్స్ మీద కాళ్ళు జారకుండా పట్టు ఇస్తాయి, చప్పుడు కింద వాటాలోకి దిగడం కాస్త తగ్గిస్తాయి. కానీ మట్టం లేని మెషీన్‌కి ప్యాడ్లు వేయడం జ్వరమొచ్చినవాడికి అత్తరు పూసినట్టే. ముందు మట్టం, ఆ తర్వాత ప్యాడ్లు, ప్యాడ్లు వేశాక మళ్ళీ ఒకసారి మట్టం. వేసే ముందు నేల మీద సబ్బు జిగురు లేకుండా కడిగి ఆరబెట్టండి. మెత్తటి పట్టా మీద, ఫుట్‌మ్యాట్ మీద మాత్రం పెట్టొద్దు.

సొంత ఇల్లైతే సిమెంటు దిమ్మె కట్టించడం చాలా మంచిది. మెషీన్ కంటే చుట్టూ రెండంగుళాలు వెడల్పు ఉండాలి, పైభాగం రసమట్టంతో చూసి సమం చేయాలి, గరుకుగా వదలాలి. కనీసం వారం రోజులు తడపండి. ఆరిందని రెండోరోజే మెషీన్ ఎక్కించొద్దు. ఇది కింది అంతస్తులో నేల మీద అయితే బేఫికర్‌గా కట్టించుకోవచ్చు. బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీ మీద మాత్రం ఆలోచించండి. 70 సెంటీమీటర్ల చదరం, 10 సెంటీమీటర్ల ఎత్తు దిమ్మె ఒక్కటే 115 కిలోల పైన ఉంటుంది. దాని మీద మెషీన్, నీళ్ళు, తడిబట్టలు. పాత బిల్డింగ్ అయితే ఇంజనీర్ని అడక్కుండా ఆ పని చేయొద్దు. అద్దె ఇల్లైతే మాలిక్‌ని అడగాలని వేరే చెప్పక్కర్లేదు.

గోడకి ఆనించి కూడా పెట్టకండి. వెనక, పక్కల రెండేసి అంగుళాలైనా ఖాళీ ఉండాలి. వెనక పైపు నలిగి మెషీన్‌ని ముందుకి తోస్తుంటే మట్టం ఎంత కుదిరినా నిలవదు.

వేసే బట్టల్లో కూడా ఉంది

మట్టం కుదిరిన మెషీన్‌ని కూడా మన చేత్తోనే ఊపిస్తాం. ఒక్క రజాయి, ఒక్క దుప్పటి, ఒక్క బరువైన జానమాజ్ వేయడం వల్ల. బరువైనది ఒక్కటే వేస్తే అది ఒకవైపే చేరుతుంది. తోడుగా రెండు టవళ్ళు వేస్తే బరువు సర్దుకుంటుంది. బురఖాల నాడాలు, దుపట్టాలు ఒకదానికొకటి చుట్టుకుని తాడులా అవుతాయి. విడదీసి, వదులుగా వేయండి. రంజాన్ ముందు ఇల్లంతా ఉతికే రోజుల్లో పరదాలు, చాదర్లు కూరి కూరి వేస్తాం. డ్రమ్ములో మూడొంతుల కంటే ఎక్కువ నింపొద్దు.

నీళ్ళు దిగని గుడ్డలు, అంటే రెయిన్‌కోట్లు, పరుపు మీద వేసే వాటర్‌ప్రూఫ్ కవర్లు స్పిన్‌లో వేయనే వేయొద్దు. నీళ్ళు వాటి మడతల్లో చిక్కుకుని, మధ్యలో ఒక్కసారిగా కదులుతాయి. ఇది చిన్న మాట కాదు. 2016 నవంబర్‌లో అమెరికాలో ఒక పెద్ద కంపెనీ 28 లక్షల టాప్ లోడ్ మెషీన్లకి రీకాల్ ప్రకటించింది. విపరీతమైన అదురుకి పైమూత ఊడి వచ్చి మనుషులకి దెబ్బలు తగిలినందుకు. పరుపు దుప్పట్లు, వాటర్‌ప్రూఫ్ బట్టలు తక్కువ స్పీడులోనే వేయాలని అప్పుడు వాడేవాళ్ళకి చెప్పారు.

సెమీ ఆటోమేటిక్ వాడేవాళ్ళు ఆరబెట్టే గిన్నెలో బట్టలు చుట్టూ సమంగా సర్ది, పైన ఇచ్చే ప్లాస్టిక్ బిళ్ళతో నొక్కి, అప్పుడే తిప్పండి. ఆ బిళ్ళని చాలా ఇళ్ళలో సబ్బు పెట్టుకోడానికి వాడుతున్నారు. మా ఫుప్పూ ఇంట్లో నేనే చూశాను.

ఇవన్నీ చేసినా ఖాళీ మెషీన్ కూడా ఊగుతుంటే అప్పుడు లోపలి సంగతి. ప్లగ్గు తీసి, డ్రమ్ముని చేత్తో కిందికి నొక్కి వదలండి. ఒక్క ఊపుతో నిలబడాలి. ఉయ్యాలలా ఊగుతూనే ఉంటే టాప్ లోడ్‌లో వేలాడే రాడ్లు, ఫ్రంట్ లోడ్‌లో షాక్ అబ్జార్బర్లు అయిపోయినట్టే. డ్రమ్ముని చేత్తో తిప్పితే గరగర శబ్దం వస్తే బేరింగ్. అది మెకానిక్ పని, వాయిదా వేయొద్దు. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్టే వాడండి. కదిలే మెషీన్, తడి నేల, ఎక్స్‌టెన్షన్ బోర్డు ఈ మూడూ ఒకచోట చేరకూడదు.

కింద వాటాలో

చివరగా ఒక సంగతి. మెషీన్ బాగుపడిన పదిరోజులకి కింద వాటాలో ఉండే టీచరమ్మగారు అమ్మీని చూడ్డానికి వచ్చారు. పళ్ళు ఇచ్చి, కాసేపు కూర్చుని, వెళ్ళబోతూ మొహమాటంగా అడిగారు: "మెషీన్ అమ్మేశారా అండీ?" లేదే, ఎందుకని అడిగాం. "ఏం లేదు. ఈమధ్య మా అమ్మ తెల్లారేదాకా నిద్రపోతోంది."

మా బాల్కనీ పక్క గదికి సరిగ్గా కింద వాళ్ళమ్మగారి మంచం. పక్షవాతంతో మూడేళ్ళుగా అందులోనే ఉన్నారు. పొద్దున్నే కొళాయి నీళ్ళొచ్చే టైముకి, ఫజర్ కాగానే మేం మెషీన్ వేసేవాళ్ళం. మా అదురు శ్లాబు గుండా దిగి ఆ మంచాన్ని కదిలించేది. ఎనిమిది నెలలు ఆ ఇంటివాళ్ళు ఒక్క మాట అనలేదు. మనవాళ్ళతో ఎందుకు గొడవ అనుకున్నారో, ముసలావిడ ఉతుక్కుంటోంది పాపం అనుకున్నారో తెలీదు. పడోసీ హఖ్ గురించి జుమా బయాన్‌లో విన్నప్పుడల్లా తల ఊపేవాణ్ణి నేను. ఆ హఖ్ నా ఇంట్లో ఒక చెక్ నట్టు దగ్గర ఆగిపోయి ఉందని నాకు తట్టలేదు. టీచరమ్మగారికి ఆ రోజు మాఫీ చెప్పుకున్నాను. ఇప్పుడు పొద్దున నీళ్ళు డ్రమ్ముల్లో పట్టుకుని, మెషీన్ తొమ్మిది తర్వాతే వేస్తున్నాం.

అమ్మీ చెయ్యి అల్హమ్‌దులిల్లాహ్ అతుక్కుంది. చలికాలంలో కాస్త సలుపుతుంది. మెషీన్ తిరుగుతుంటే ఇప్పటికీ అలవాటుగా వచ్చి దాని మీద చెయ్యి పెడుతుంది. నేను చూస్తే తీసేస్తుంది.

ఈ ఆదివారం నాస్తా అయ్యాక మీ ఇంట్లో మెషీన్ దగ్గరికి వెళ్ళండి. ఆడవాళ్ళని కాదు, ఇంటి మగాళ్ళని అంటున్నాను. నాలుగు మూలలూ నొక్కి చూడండి. 'టక్' మంటే పానా తీయండి. ఖుదా హాఫిజ్.